పాత సిస్టమ్, పలచటి విండోస్

జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర గానీ, కోరుట్ల మెయిన్ రోడ్డు మీద గానీ, సిరిసిల్ల గాంధీ చౌక్ పక్కన గానీ ఒక కంప్యూటర్ రిపేరు షాపులోకి వెళ్లి "సిస్టమ్ బాగా స్లో అయింది" అని చెప్పి చూడండి. షాపు పిల్లగాడు కుర్చీ ముందుకు లాక్కుని, మౌస్ కుడి బటన్ నొక్కి ముందు రిఫ్రెష్ కొడతాడు, ఒకటికి నాలుగుసార్లు. తర్వాత రన్ డబ్బా తెరిచి 'టెంప్' అని టైపు చేస్తాడు. కనబడినవన్నీ సెలెక్టు చేసి షిఫ్ట్ డిలీట్. మళ్లీ రన్. ఈసారి రెండు పర్సెంట్ గుర్తుల మధ్య టెంప్. మళ్లీ డిలీట్. మూడోసారి 'ప్రీఫెచ్'. అది కూడా ఖాళీ. రీస్టార్ట్ చేసి చూస్తే సిస్టమ్ ఎప్పటిలాగే ఉంటుంది. అప్పుడు తల పైకెత్తి అడుగుతాడు: "ఫార్మాట్ కొట్టాల్నా సార్?"

ఈ తంతు ఈ మూడు ఊళ్లకే ప్రత్యేకం కాదు, దేశమంతా ఇంతే. దీని వెనక ఒక నమ్మకం ఉంది: కంప్యూటర్లో సామాను ఎక్కువైతే నెమ్మదిస్తుంది, తీసేస్తే పరుగెడుతుంది. ఆ నమ్మకం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలిస్తే పాత విండోస్‌ను ఎలా పలచబరచాలో తెలిసినట్టే.

రిఫ్రెష్ సంగతి ముందు తేల్చేద్దాం. తెర మీది ఐకాన్లను మళ్లీ గీయమని చెప్పే ఆదేశం అది. దానివల్ల మెమరీ ఖాళీ అవదు, ప్రాసెసర్ తేలికపడదు. ఐకాన్లు ఒకసారి మిణుకుమంటాయి, అంతే. అయినా కొట్టనిదే చేతికి తోచదు. నేనూ కొడతాను.

టెంప్ ఫోల్డర్లో ఉండేవి ప్రోగ్రాములు పని మధ్యలో రాసుకుని, తర్వాత మరిచిపోయిన ఫైళ్లు. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత కనబడుతున్న సిస్టమ్‌లో వాటిని తీసేస్తే నిజంగానే మేలు. విండోస్‌కు తన పని తాను చేసుకోవడానికి డిస్కు మీద కాస్త ఖాళీ కావాలి. సగం ఖాళీగా ఉన్న డిస్కులో మాత్రం ఆ ఫైళ్లు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. ఊరికే పడి ఉన్న ఫైలు ప్రాసెసర్‌నూ అడగదు, మెమరీనీ అడగదు.

ఇక ప్రీఫెచ్. ఇక్కడ మాత్రం మన పిల్లగాడు వేగం పెంచుతున్నాననుకుని తగ్గిస్తున్నాడు. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబర్ 25న వచ్చింది. స్విచ్ వేసిన 30 సెకన్లలో పనికి సిద్ధం కావాలి, హైబర్నేట్ నుంచి 20 సెకన్లలో, స్టాండ్‌బై నుంచి 5 సెకన్లలో లేవాలి అని మైక్రోసాఫ్ట్ పెట్టుకున్న లక్ష్యం. అందుకోసం చేసిన ఏర్పాట్లలో ముఖ్యమైనది ప్రీఫెచర్. ఏదైనా ప్రోగ్రామ్ తెరిచినప్పుడు మొదటి 10 సెకన్లలో ఏయే ఫైళ్లలోని ఏయే భాగాలు కావలసి వచ్చాయో అది రాసి పెట్టుకుంటుంది. సిస్టమ్ లేచేటప్పుడు కూడా ఇలాగే రాసుకుంటుంది. మరోసారి అదే పని పడినప్పుడు ఆ ముక్కలన్నింటినీ ఒక్క విడతలో, డిస్కు మీద అవి ఉన్న వరుసలో ముందుగానే తెచ్చి పెడుతుంది. దాదాపు మూడు రోజులకోసారి, ఎవరూ పనిచేయని సమయం చూసి, ఆ ఫైళ్లను డిస్కు మీద పక్కపక్కకు జరుపుతుంది కూడా. ఫోల్డర్ పెరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. ఎక్స్‌పీలో 128 నమోదులు నిండగానే పాతవాటిని అదే తీసేసుకుంటుంది. ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేస్తే డీటీపీ పనికి వాడే పేజ్‌మేకర్ మరునాడు ఇంకాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. కొన్నిసార్లు వాడాక విండోస్ మళ్లీ నేర్చుకుంటుంది. ఈలోపు కస్టమర్ మళ్లీ షాపుకు వస్తే పిల్లగాడు మళ్లీ ప్రీఫెచ్ ఖాళీ చేస్తాడు.

భివండీ పోయి రావడం

ఇంత శ్రమపడి ముక్కలను ముందుగా తెచ్చిపెట్టడం ఎందుకంటే, పాత కంప్యూటర్లో అన్నిటికన్నా నెమ్మదైనది హార్డ్ డిస్కు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం మీద, సూదిలాంటి చేయి ఒకటి ముందుకీ వెనక్కీ కదులుతూ చదువుతుంది. ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చేయి కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం సేపు ఆగాలి. చేయి సరైన గీత మీదికి జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం 12 మిల్లీసెకన్లకు పైమాటే. అదే సమాచారం ర్యామ్‌లో ఉంటే దాదాపు 100 నానోసెకన్లలో, అంటే సెకనులో కోటో వంతులో దొరుకుతుంది. లక్షా ఇరవై వేల రెట్ల తేడా.

ఈ తేడా అంకెల్లో కన్నా సిరిసిల్లలో బాగా అర్థమవుతుంది. మరమగ్గం దగ్గర నిలబడ్డ కార్మికుడు పక్కనున్న బుట్టలోంచి కండె అందుకోవడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. డిస్కు నుంచి తేవడమంటే అదే కండె కోసం అతను బస్సెక్కి భివండీ పోయి, తీసుకుని తిరిగి రావడం: 33 గంటలు. పని వెతుక్కుంటూ సిరిసిల్ల పద్మశాలీలు తరాలుగా తొక్కిన దారి అది. ఆ ప్రయాణం ఎంతసేపో అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. అంతసేపూ మగ్గం ఆగిపోయి ఉంటుంది. కొత్త మగ్గం కొన్నా ఆగే ఉంటుంది.

పాత సిస్టమ్ నెమ్మదిగా ఉందని మనం అనుకునే సమయంలో ప్రాసెసర్ చాలావరకు చేతులు కట్టుకుని కూర్చునే ఉంటుంది. ఈ విషయాన్ని మనవాళ్లు ఒకసారి పెద్ద ఎత్తున వాడుకున్నారు కూడా. 2008లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టినప్పుడు, ఒక్కో కంప్యూటర్‌కు ఎన్‌కంప్యూటింగ్ సంస్థ చిన్న పరికరాలు తగిలించి, ఒక్కోదానికి ఒక మానిటర్, ఒక కీబోర్డు ఇచ్చి, పలువురు పిల్లలను ఒకే ప్రాసెసర్ మీద కూర్చోబెట్టారు. ఒక పిల్లవాడు టైపు చేసే రెండు అక్షరాల మధ్య ప్రాసెసర్‌కు మిగిలే ఖాళీ, మిగతా పిల్లల పనికి బోలెడు.

విండోస్‌ను పలచబరచడమంటే ఈ లెక్కన భివండీ ప్రయాణాలను తగ్గించడమే. తీసేసిన ఫైలు ఒక ప్రయాణాన్ని తప్పిస్తే లాభం, లేకపోతే లేదు.

ప్రయాణాలు రెండు వేళల్లో ఎక్కువవుతాయి. ఒకటి సిస్టమ్ లేచేటప్పుడు. సెకనుకు 80 ప్రయాణాలు చేయగల డిస్కు చెల్లాచెదురుగా పడి ఉన్న 4,000 ముక్కలు తేవాలంటే 50 సెకన్లు. స్టార్టప్‌లో మెసెంజర్లు, టూల్‌బార్లు, ప్రింటరు కంపెనీవాడి సహాయక ప్రోగ్రాము, మూడు రకాల అప్‌డేటర్లు చేరితే ఆ 4,000 కాస్తా 10,000 అవుతుంది. కరెంటు కోతలున్న రోజుల్లో ఇది విసుగుతో పోయే సంగతి కాదు. 2012, 2013 వేసవుల్లో రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోతే అన్నిసార్లు సిస్టమ్ లేవాలి. మధ్యలో దబ్బున ఆగిపోయినందుకు నీలిరంగు తెర మీద డిస్కు తనిఖీ వేరే. నెట్‌సెంటర్లో గంట లెక్కన కూర్చున్న మనిషికి ఆ నిమిషాలన్నీ డబ్బులే.

రెండోది, ర్యామ్ చాలనప్పుడు. ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ, సిఫారసు 128 ఎంబీ అని మైక్రోసాఫ్ట్ చెప్పింది. గల్ఫ్‌లో ఉన్న భర్తతో, కొడుకుతో యాహూ మెసెంజర్‌లో మాట్లాడడానికి జగిత్యాల, కోరుట్ల నెట్‌సెంటర్లలో జనం వరస కట్టిన రోజుల్లో ఆ పాటి మెమరీ ఉన్న సిస్టమ్‌లే ఎక్కువ. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 వచ్చింది. దాని మీద యాంటీవైరస్. దాని మీద వెబ్‌క్యామ్ డ్రైవరు. 256 ఎంబీ కూడా నిండిపోయేది. ర్యామ్ నిండితే విండోస్ అందులోని కొంత భాగాన్ని డిస్కు మీద పేజ్‌ఫైల్‌లోకి తోసి చోటు చేసుకుంటుంది. తోసింది వెంటనే కావలసి వస్తే మళ్లీ తెస్తుంది, అందుకోసం ఇంకోదాన్ని తోస్తుంది. క్యాబినెట్ మీద ఎర్రలైటు ఆరకుండా వెలుగుతుంటుంది, మౌస్ బాణం కదులుతుంది, తెర కదలదు. "హ్యాంగ్ అయింది" అని మనం అనేది చాలాసార్లు ఇదే.

ఆ రోజుల్లో ర్యామ్ క్లీనర్లని కొన్ని ప్రోగ్రాములు షాపుల్లో తెగ తిరిగేవి. బటన్ నొక్కగానే 40 ఎంబీ ఖాళీ ఉన్నది 150 ఎంబీ ఖాళీగా కనబడేది. నిజానికి అవి చేసేది, తామే బోలెడు మెమరీ కావాలని అడిగి మిగతా ప్రోగ్రాములను పేజ్‌ఫైల్‌లోకి గెంటించడం. ఆ తర్వాత కిటికీ మార్చినప్పుడల్లా అన్నీ డిస్కు నుంచి తిరిగి రావాలి. విండోస్ లోపలి నిర్మాణం మీద పుస్తకాలు రాసిన మార్క్ రస్సినోవిచ్ వీటిని మోసమని తేల్చి రాశాడు. ఆ డబ్బుతో ఇంకో 256 ఎంబీ ర్యామ్ వేయించుకున్నవాడే తెలివైనవాడు.

కోత పెట్టినవాళ్లు

విండోస్‌లోంచి భాగాలను కోసి తీసేయవచ్చా అన్న ప్రశ్న ఒకప్పుడు అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. 1998 జూన్‌లో వచ్చిన విండోస్ 98లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విడదీయరాని భాగమని మైక్రోసాఫ్ట్ వాదన. గుత్తాధిపత్యం కేసులో ప్రభుత్వం తరఫున ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ ఫెల్టన్ దాన్ని తొలగించే ప్రోగ్రాము రాసి చూపించాడు. అదే కాలంలో షేన్ బ్రూక్స్ అనే ఆస్ట్రేలియన్ 98లైట్ అనే చిన్న ప్రోగ్రాము తయారుచేశాడు. అతని ఉపాయం ముచ్చటైనది. విండోస్ 98లోంచి బ్రౌజర్‌ను పీకేసి, దాని డెస్క్‌టాప్ స్థానంలో విండోస్ 95 డెస్క్‌టాప్ ఫైళ్లు పెట్టేయడం. లోపల 98, పైన 95. తక్కువ మెమరీ ఉన్న సిస్టమ్ మీద తేడా కంటికి కనబడేది.

ఎక్స్‌పీ వచ్చాక క్రొయేషియాకు చెందిన డీనో నుహాగిచ్ చేసిన ఎన్‌లైట్ ఆ పనిని అందరి చేతికీ ఇచ్చింది. ఎక్స్‌పీ సీడీని కంప్యూటర్లోకి కాపీ చేసి ఎన్‌లైట్‌కు చూపిస్తే, లోపలి భాగాలన్నీ చిట్టాలా కనబడతాయి. ఆటలు, ఎక్స్‌పీ టూరు, ఎప్పుడూ చూడని మోడెముల డ్రైవర్లు, ఎంఎస్ఎన్ ఎక్స్‌ప్లోరర్. వద్దన్నవాటికి టిక్కు పెడితే అవి లేని కొత్త సీడీ తయారవుతుంది.

మైక్రోసాఫ్ట్ కూడా ఊరుకోలేదు. పాత కంప్యూటర్లున్న పెద్ద సంస్థల కోసం 2006లో 'విండోస్ ఫండమెంటల్స్ ఫర్ లెగసీ పీసీస్' అని ఎక్స్‌పీలోంచే చెక్కిన చిన్న విండోస్ తెచ్చింది. 64 ఎంబీ మీద నడిచేది. కానీ దాన్ని విడిగా అమ్మలేదు. ఒప్పందాలున్న కార్పొరేట్ ఖాతాదారులకే ఇచ్చింది. మనలాంటి దేశాల కోసం ఇచ్చినది ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్. అందులో ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరవనివ్వదు. దాన్ని పలచబరచడం అనను, కట్టడి చేయడం అంటాను. చవకగా దొరికినా మనవాళ్లు దాని జోలికి పెద్దగా పోలేదు.

పది మెగాబైట్ల తెలుగు

ఇక్కడ మనకు మాత్రమే తగిలిన ఒక దెబ్బ గురించి చెప్పాలి.

ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది. కానీ మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన ఇంగ్లీషు ఎక్స్‌పీలో అది పనిచేయదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ అనే పేజీలో కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల ఫైళ్లు వేయమని టిక్కు పెట్టాలి. పెట్టగానే ఒక సందేశం వస్తుంది: అరబ్బీ, హీబ్రూ, థాయ్, భారతీయ భాషల వంటి వాటి ఫైళ్లు కోరుకున్నారు, 10 ఎంబీ లేదా అంతకు ఎక్కువ చోటు పడుతుంది. ఓకే అంటే ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది.

ఆ ఫైళ్లు ఎందుకో ఒక్క మాటలో చూడవచ్చు. 'స్త్రీ' అని రాస్తే కంప్యూటర్ దాచుకునేది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. వాటిని ఉన్నవి ఉన్నట్టు వరుసగా పేరిస్తే అది చదవగలిగే తెలుగు కాదు. తవొత్తునూ రవొత్తునూ కిందికి దించి, గుడిదీర్ఘాన్ని సకారం నెత్తి మీదికి ఎక్కించే వ్యాకరణం ఒకటి కావాలి. విండోస్‌లో ఆ పని చేసేది యూనిస్క్రైబ్ అనే భాగం. ఆకారాలు ఇచ్చేది గౌతమి. ఇంగ్లీషుకు ఈ తతంగమేదీ అక్కర్లేదు. అందుకే ఎన్‌లైట్ చిట్టాలో భాషలన్నీ ఒకచోట, తీసేయదగిన సామానుగా కనబడేవి. యూరప్‌లో కూర్చుని ఎక్స్‌పీని చెక్కేవాడికి తెలుగు, టూరు వీడియో, ఎంఎస్ఎన్ ఎక్స్‌ప్లోరర్ మూడూ సమానమే.

అలా చెక్కిన లైట్ సీడీలే చేతులు మారుతూ మన షాపుల్లోకి వచ్చాయి. అవి వేసిన సిస్టమ్‌లు నిజంగానే చురుగ్గా లేచేవి. డీటీపీ షాపులవాళ్లకు చాలాకాలం తేడా కూడా తెలియలేదు, ఎందుకంటే వాళ్ల తెలుగు వేరు. అను ఫాంట్లలో తెలుగు అక్షరపు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే కూర్చుంటాయి. ఒక్కో ముక్కనూ చేత్తో పేర్చుకోవడమే తప్ప యూనిస్క్రైబ్‌తో పని లేదు. పెండ్లి పత్రిక అచ్చవుతుంది, సంఘం కరపత్రం అచ్చవుతుంది. కానీ 2011లో మీసేవ మొదలై, వార్తా సైట్లు ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మారి, మెయిల్లో తెలుగు రావడం మొదలయ్యాక అదే సిస్టమ్ తెర నిండా చతురస్రపు పెట్టెలు పరిచింది. సరిచేద్దామని ఆ టిక్కు పెట్టబోతే, కావలసిన ఫైళ్లు లైట్ సీడీలోనే లేవు. ఒరిజినల్ సీడీ ఎవరి దగ్గరా లేదు. చివరికి ఫార్మాట్.

40 జీబీ డిస్కులో 10 ఎంబీ అంటే నాలుగు వేల వంతు. తెలుగు అక్షరం తెర మీదికి రానంతసేపు ఆ ఫైళ్లు డిస్కు మీద నిద్రపోతుంటాయి, ఒక్క భివండీ ప్రయాణం కూడా చేయించవు. తీసినందువల్ల వచ్చిన వేగం సున్నా.

ఏవి నిజంగా బరువు

తీయవలసినవి నడుస్తున్నవి. విండోస్ వెనక సర్వీసులనే చిన్న ప్రోగ్రాములు పదుల కొద్దీ నడుస్తుంటాయి. నెట్‌లో బ్లాక్ వైపర్ పేరుతో ప్రసిద్ధమైన జాబితాలు ఏ సర్వీసు ఆపవచ్చో, ఏది ఆపితే ఏం పోతుందో ఏళ్లపాటు వరుసగా చెప్పుకొచ్చాయి. వాటిలో ఇండెక్సింగ్ సర్వీస్ లాంటివి ఆపితే డిస్కుకు ఊపిరి ఆడుతుంది. మిగతావి చాలావరకు ఒకటీ రెండూ ఎంబీల వ్యవహారం. పైగా ఎస్‌వీసీహోస్ట్ అనే ఒకే ప్రక్రియలో అనేక సర్వీసులు కలిసి కాపురం ఉంటాయి కాబట్టి, ఒకదాన్ని ఆపినా ఇల్లు ఖాళీ కాదు. 256 ఎంబీ సిస్టమ్‌లో ఆ కాస్తా అక్కరకొస్తుంది. 4 జీబీ సిస్టమ్‌లో కూర్చుని సర్వీసులు ఏరడం కాలక్షేపం. స్టార్టప్ చిట్టాలో ఉన్నవి తగ్గిస్తే మాత్రం ఏ సిస్టమ్‌లోనైనా ఫలితం కనబడుతుంది.

అన్నిటికన్నా బరువైనది చాలా ఏళ్లు యాంటీవైరస్సే. తెరిచిన ప్రతి ఫైలునూ అది ముందు తాను చదువుతుంది. దాన్ని తీసేస్తే సిస్టమ్ లేడిపిల్లలా గెంతుతుందని ప్రతి షాపువాడికీ తెలుసు. పెన్‌డ్రైవుల్లో 'న్యూ ఫోల్డర్' వేషం వేసుకుని తిరిగే వైరస్‌లు మరునాడే వస్తాయని కూడా తెలుసు.

కొన్నిటిని ఆపితే వేగంతో పాటు భద్రత కూడా పెరుగుతుంది. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది చొరబడిన దారి ఫైల్ షేరింగ్‌కు వాడే పాత పద్ధతి, ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్. షేరింగ్ అక్కర్లేని సిస్టమ్‌లో సర్వర్ అనే సర్వీసు ఆపేసి ఉంటే ఆ తలుపే లేదు. డీటీపీ షాపుల్లో మాత్రం ఒక సిస్టమ్‌లో కంపోజు చేసి, ఇంకో సిస్టమ్‌కున్న ప్రింటరుకు పంపేది ఆ తలుపులోంచే. అక్కడ ఆపితే పని ఆగుతుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే మద్దతు ముగిసినా, వానాక్రై తీవ్రత చూసి మైక్రోసాఫ్ట్ దానికీ అత్యవసర ప్యాచ్ విడుదల చేసింది. ఆటోమేటిక్ అప్‌డేట్స్‌ను పూర్తిగా కోసేసిన లైట్ సీడీల మీద నడుస్తున్న సిస్టమ్‌లకు అది తనంతట చేరలేదు.

అయినా ఎక్స్‌పీని ఎందుకు పట్టుకుని వేలాడారంటే కారణం పేదరికం ఒక్కటే కాదు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ ఇన్‌డిజైన్ వైపు మళ్లి దీన్ని వదిలేసింది. యూనికోడ్ ఎరగని పేజ్‌మేకర్, యూనికోడ్ అక్కర్లేని అను ఫాంట్లు ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. ఆ జంట ఎక్స్‌పీలో కుదురుగా నడుస్తుంది. చిట్‌ఫండ్ ఆఫీసుల్లో డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రో లెక్కల ప్రోగ్రాములున్నాయి. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు తెరవదు. ధర్మకాంటాల దగ్గర లారీ బరువు సీరియల్ పోర్టులోంచి సెకనుకు కొన్ని అక్షరాల చొప్పున వస్తుంది, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు గీక్కుంటూ రసీదు కొడుతుంది. ఆ సిస్టమ్‌కు వేగంతో పనేముంది? దాన్ని పలచబరచాలని చూసేవాడు సీరియల్ పోర్టు డ్రైవరు పోగొట్టి, వడ్ల లారీలను రోడ్డు దాకా నిలబెడతాడు. బ్యాంకుల ఏటీఎంలే 2018లో రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టి, 2019 జూన్‌కల్లా మద్దతు లేని విండోస్‌ను పూర్తిగా మార్చాలని ఆదేశించేదాకా కదలలేదు.

ఇప్పటి పాత సిస్టమ్

ఇప్పుడు షాపుకు వచ్చే పాత సిస్టమ్ అంటే విండోస్ 7 గానీ 10 గానీ, 2 లేదా 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14న మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11ను చెక్కి చిన్నది చేసిన టైనీ11 అనేది 2023 నుంచి తిరుగుతోంది. పాత ఎన్‌లైట్ కథే మళ్లీ. కాకపోతే ఇప్పుడు బరువు విండోస్‌లో కన్నా బ్రౌజర్‌లో ఎక్కువ. ఏదో ఒక ప్రభుత్వ పోర్టల్ తెరిచిన ఒక్క ట్యాబే, ఎక్స్‌పీ మొత్తానికి కనీసం కావాలన్న 64 ఎంబీని దాటిపోతుంది. విండోస్‌ను ఎంత కోసినా ఆ ట్యాబు సన్నబడదు.

ఖర్చు పెట్టగలిగితే ముందు మార్చవలసింది డిస్కు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, కదిలే చేయి లేదు. సమాచారం దాదాపు 0.1 మిల్లీసెకనులో వస్తుంది. మగ్గం లెక్కలో భివండీ ప్రయాణం కాస్తా 17 నిమిషాలకు, బండి మీద వేములవాడ పోయినంత దూరానికి తగ్గుతుంది. సర్వీసులు ఏరి, ఫైళ్లు కోసి ఒక పూటంతా కూర్చున్నా అందులో పదో వంతు ఫలితం రాదు. ఎక్స్‌పీ సిస్టమ్‌కు ఎస్‌ఎస్‌డీ పెడితే మాత్రం ఒక మెలిక ఉంది. ఎక్స్‌పీ పార్టిషన్‌ను 63వ సెక్టారు నుంచి మొదలుపెడుతుంది. ఎస్‌ఎస్‌డీ 4 కేబీ గళ్లకు అది సరిగ్గా అతకదు, ఒక గడిలో రాయవలసింది రెండు గళ్ల మీద పడుతుంది. పార్టిషన్ ముందు విండోస్ 7 డిస్కుతో చేసుకుంటే అది 2,048వ సెక్టారు దగ్గర మొదలవుతుంది, అప్పుడు గళ్లు కలుస్తాయి.

పనంతా బ్రౌజర్‌లోనే అయితే, తేలికపాటి లినక్స్ వేసుకోవడం విండోస్‌ను కోయడం కన్నా మర్యాద. అందులో తెలుగు తీసేయదగిన సామాను కాదు, లోహిత్ ఫాంటుతో సహా ముందే ఉంటుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే మెనూలున్న ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. బడులకు, ఇళ్లకు ఇది చాలు. పేజ్‌మేకర్ మీద బతికే షాపుకు చాలదు.

అలాంటి షాపుకు నేను చెప్పేది రెండు సిస్టమ్‌ల పద్ధతి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్న ఎక్స్‌పీ సిస్టమ్‌కు నెట్ కేబుల్ పీకేయడం. మెయిల్, వాట్సాప్, అను నుంచి యూనికోడ్‌కు మార్చుకునే పని కొత్తదాంట్లో. నెట్ లేని సిస్టమ్‌కు యాంటీవైరస్ బరువు కూడా తగ్గించుకోవచ్చు, పెన్‌డ్రైవ్ ఒక్కటే దారి కాబట్టి ఆ దారి దగ్గర కాపలా ఉంటే చాలు. ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రాము తనంతట నడవకుండా చేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో అందరికీ పంపింది. లైట్ సీడీ వేసిన సిస్టమ్‌లో అది ఉండకపోవచ్చు. గ్రూప్ పాలసీలోంచి ఆపుదామంటే, సీడీ చెక్కినవాడు దాన్ని కూడా కోసేసి ఉండవచ్చు. అప్పుడు రిజిస్ట్రీలోకి దిగి, పాలసీస్ కింద ఎక్స్‌ప్లోరర్‌లో నోడ్రైవ్‌టైప్‌ఆటోరన్ విలువను 255 చేసి రీస్టార్ట్ కొట్టాలి.